పిల్లల ప్రేగు శోథ: రక్షక కణాల పాత్ర

తిన్న అన్నం శరీరంలోనికి పోయిందని వాడుకగా అంటారు. శాస్త్రదృష్టితో చూస్తే ఈ మాట పూర్తిగా సరికాదు. నోటినుండి మలద్వారం దాకా ఉన్న అన్నమార్గం ఒక పొడవాటి గొట్టం. దాని రెండు కొసలూ వెలుపలి ప్రపంచానికి తెరచి ఉన్నవి. కావున ఆ గొట్టంలో ఉన్న ఆహారం, ప్రేగు గోడను దాటి రక్తంలో కలిసేవరకు, ఇంకా శరీరానికి వెలుపల ఉన్నట్లే లెక్క. ఈ విధంగా చూస్తే ప్రేగు గోడ శరీరానికి సరిహద్దు. చర్మం కూడా సరిహద్దే. కాని చర్మం మూసిన తలుపు వంటిది. ప్రేగు గోడ అట్లు మూసి ఉంటే మనిషి ఆకలితో చనిపోతాడు. అది ఆహారాన్ని లోపలికి రానీయాలి, హానిచేసే వాటిని రాకుండా ఆపాలి.

పెరిగిన మనిషిలో చిన్నప్రేగు సుమారు 6 మీటర్లు, పెద్దప్రేగు సుమారు ఒకటిన్నర మీటర్లు పొడవుంటవి. లోపలివైపు ముడతలు, చూషకాలు ఉండడం వలన దీని వైశాల్యం చాలా ఎక్కువ. టెన్నిస్ మైదానమంత ఉంటుందని చాలా పుస్తకాలలో వ్రాశారు. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు మరల లెక్కకట్టి, అన్నమార్గం మొత్తం లోపలి వైశాల్యం సుమారు 30 చదరపు మీటర్లని తేల్చారు. అనగా ఒక తరగతి గది నేలంత అనుకోవచ్చు. ఇంతటి సరిహద్దును కాచేది ఒకే ఒక్క వరుస కణాలు. ఆ కణాలు కూడా మూడు నుండి ఐదు రోజులలో రాలిపోయి, వాటి స్థానంలో కొత్తవి వస్తుంటవి.

ఈ పలుచని గోడకు ఒకవైపున సూక్ష్మజీవుల మహానగరం ఉన్నది. ఒక మనిషి శరీరంలో నివసించే బాక్టీరియాల సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో అంచనా కట్టారు. వాటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులోనే ఉన్నవి. గోడకు రెండవవైపున, కేశం మందంలో కొంత భాగమంత దూరంలోనే, రక్తనాళాలు, వాటి చుట్టూ శరీరాన్ని కాపాడే రక్షక కణాలు ఉన్నవి. శత్రువు కనబడితే చంపడం ఆ కణాల వృత్తి. ఎదుట కోట్లకొలది పరాయి జీవులున్నా, అవి రోజూ పోరు సాగించకుండా ఎట్లా ఊరకుంటవి? చాలామందిలో ఊరకుంటవి. కొందరు పిల్లలలో మాత్రం ఊరకుండవు. ఆ పిల్లలకు వచ్చే జబ్బే ప్రేగు శోథ వ్యాధి.

శోథ అనగా ఏమిటి?

కాలికి ముల్లు గ్రుచ్చుకున్నప్పుడు ఆ చోటు ఎర్రబడుతుంది, వేడిగా ఉంటుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు గుర్తులను రోము దేశపు గ్రంథకర్త సెల్సస్ క్రీస్తు శకం మొదటి శతాబ్దంలోనే వ్రాసిపెట్టాడు. దీనినే శోథ అంటారు. ఆ చోటి రక్తనాళాలు వెడల్పై, వాటి గోడలు సడలి, రక్తంలోని నీరు, తెల్ల కణాలు బయటికి రావడం దీనికి కారణం.

తెల్ల కణాలు అక్కడికి ఎందుకు వస్తవో మొదట స్పష్టంగా చూపినవాడు రష్యా దేశీయుడైన ఈలియా మెచ్నికాఫ్. ఆయన 1882లో ఇటలీలోని మెసీనా పట్టణంలో ఉంటూ, గాజువలె పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల శరీరంలో చిన్న ముల్లు గ్రుచ్చాడు. మరునాడు సూక్ష్మదర్శినిలో చూడగా, కదిలే కణాలు ఆ ముల్లు చుట్టూ గుమిగూడి ఉన్నవి. శరీరంలో ప్రవేశించిన పరాయి వస్తువును తినివేయడానికి కొన్ని కణాలు పూనుకుంటవని ఆయన దీనినిబట్టి నిర్ణయించాడు. వీటికి భక్షక కణాలని పేరు. ఈ కృషికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

ముల్లు తీసివేసిన పిమ్మట రెండు మూడు రోజులలో వాపు తగ్గి, గాయం మానిపోతుంది. శోథ శరీరానికి మేలుచేసేదే; అయితే అది పని ముగిసిన పిమ్మట ఆగాలి. ప్రేగు శోథ వ్యాధిలో అది ఆగదు. ముల్లు లేకపోయినా వాపు ఉంటుంది. నెలలు, సంవత్సరాలు గడచినా కణాలు పోరుతూనే ఉంటవి. ఆ పోరులో దెబ్బతినేది ప్రేగే.

వ్యాధిలో రెండు రకాలు

ప్రేగు శోథ వ్యాధిలో ముఖ్యమైన రకాలు రెండు. మొదటిది వ్రణాలతో కూడిన పెద్దప్రేగు శోథ. ఆంగ్ల వైద్యుడు శామ్యూల్ విల్క్స్ 1859లో దీనికి పేరు పెట్టాడు. ఇది పెద్దప్రేగుకే పరిమితమై, లోపలి పొరను పుండుగా మారుస్తుంది. రెండవది క్రోన్ వ్యాధి. 1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయి ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఓపెన్‌హైమర్ దీనిని వివరించారు. అంతకుముందే, 1913లో, స్కాట్లండు శస్త్రవైద్యుడు డాల్జియెల్ ఇటువంటి రోగులను గూర్చి వ్రాశాడు. క్రోన్ వ్యాధి నోటినుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. చిన్నప్రేగు చివరిభాగంలో ఎక్కువగా వస్తుంది. ఇది ప్రేగు గోడ మందమంతా వ్యాపిస్తుంది. అందువలన ప్రేగు ఇరుకై మూసుకుపోవడం, గోడకు రంధ్రం పడి ప్రక్క అవయవంలోనికో చర్మం మీదికో దారి ఏర్పడడం కూడా జరుగుతుంది.

ఈ వ్యాధి గల వారిలో సుమారు నాలుగవ వంతుమందికి అది 20 ఏండ్లు నిండకముందే బయటపడుతుంది. వారిలో అధికులు పదేండ్లు దాటిన పిల్లలు. ఆరేండ్ల లోపున, ఒక్కొక్కప్పుడు పుట్టిన కొద్ది వారాలకే, ఈ వ్యాధి వచ్చే శిశువులు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందే వైద్యశాస్త్రానికి గొప్ప పాఠం నేర్పారు. దానిని తెలుసుకోవాలంటే ముందు ప్రేగు గోడలోని కణాలను పరిచయం చేసుకోవాలి.

కాపలాదారులు ఎవరు?

సరిహద్దు వరుసలోనే కొన్ని కణాలు జిగురైన శ్లేష్మాన్ని స్రవించి, గోడ మీద పూతవలె పరుస్తవి. సూక్ష్మజీవులలో అధికభాగం ఈ పూతను దాటలేవు. చిన్నప్రేగు మడతల అడుగున ఉండే పానెత్ కణాలు బాక్టీరియాలను చంపే పదార్థాలను వదులుతవి. ఇది మొదటి కంచె.

గోడ క్రింద, చిన్నప్రేగులో, అక్కడక్కడా రక్షక కణాల గుంపులు పొక్కులవలె ఉంటవి. 1677లో స్విట్జర్లండు వైద్యుడు యోహాన్ పేయర్ వీటిని వర్ణించాడు. నేటికీ వాటిని పేయర్ మచ్చలనే అంటారు. ఇవి రక్షక కణాలకు పాఠశాలల వంటివి. ప్రేగులో ఉన్న పదార్థాల నమూనాలను ఇక్కడికి తెచ్చి చూపించే కణాలున్నవి. కొమ్మలు గల చెట్టువలె ఉండడం వలన వీటిని డెండ్రిటిక్ కణాలంటారు. ఇవి నమూనాను పట్టుకొని లింఫోసైట్‌లనే తెల్ల కణాలకు చూపుతవి.

లింఫోసైట్‌లు రెండు ముఖ్యమైన తెగలు. మొదటివి బీ కణాలు. ఇవి పరిణతి చెంది ప్రతిరక్షక పదార్థాలను తయారుచేస్తవి. ప్రేగులోని బీ కణాలు ముఖ్యంగా ఐజీ-ఏ అనే రకాన్ని ప్రతిదినం కొన్ని గ్రాముల చొప్పున తయారుచేసి ప్రేగులోనికి పంపుతవి. అది సూక్ష్మజీవులను అంటిపెట్టుకొని, శోథ కలిగించకుండానే వాటిని గోడకు దూరంగా ఉంచుతుంది. రెండవవి టీ కణాలు. ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారగుట వలన వీటికి ఆ పేరు వచ్చింది. ఆ గ్రంథి ఉపయోగం 1961లో జాక్ మిల్లర్ పరిశోధనల వలన తెలిసింది. టీ కణాలు సేనానాయకుల వంటివి. సైటోకైన్‌లనే రసాయనాలను వదలి, ఇతర కణాలకు ఆజ్ఞలిస్తవి.

ఆజ్ఞలను అమలుచేసేవి భక్షక కణాలు. వీటిలో న్యూట్రోఫిల్‌లు రక్తంలో తిరుగుతూ, పిలుపు రాగానే గాయమైన చోటికి వచ్చి, విషపదార్థాలతో సూక్ష్మజీవులను చంపి, తామూ చనిపోతవి. స్థూలభక్షక కణాలు గోడ క్రిందనే కాపురముంటవి. రక్తంనుండి వచ్చే మోనోసైట్‌లనే కణాలు ఇక్కడ చేరి స్థూలభక్షక కణాలుగా మారుతవి. వీటి నడవడి విచిత్రమైనది. గోడను దాటి వచ్చిన బాక్టీరియాను ఇవి తినివేస్తవి. కాని కేకలు వేసి ఇతర కణాలను పిలవవు. ఇదే కణం మరొక అవయవంలో ఉంటే, అదే బాక్టీరియాను చూచి పెద్ద పోరుకు పిలుపునిచ్చేది. ప్రేగులో అది మౌనంగా పని ముగిస్తుంది.

శాంతిని నిలిపే కణాలు

ఈ మౌనానికి కారణమేమిటి? శరీరంలో పోరును రేపే కణాలతోపాటు పోరును ఆపే కణాలు కూడా ఉన్నవి. 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి ఇట్టి ప్రత్యేకమైన టీ కణాలను గుర్తించాడు. వీటికి నియంత్రక టీ కణాలని పేరు. ఎలుకలలోనుండి ఈ కణాలను తొలగించినప్పుడు, తక్కిన టీ కణాలు ఆ జంతువు సొంత అవయవాలపైనే తిరగబడ్డవి. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, తమ సహచరులతో కలిసి, పుట్టుకతో తీవ్రవ్యాధి గల ఒక ఎలుక జాతిని పరీక్షించి, ఫాక్స్-పీ-3 అనే జన్యువులోని లోపమే ఆ వ్యాధికి కారణమని చూపారు. ఆ జన్యువే నియంత్రక టీ కణాల పుట్టుకకు ఆధారమని అటుపిమ్మట తేలింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమానం లభించింది. ఈ జన్యువు చెడిన మగశిశువులకు పుట్టిన కొద్ది వారాలలోనే తీవ్రమైన విరేచనాలు, మధుమేహం, చర్మవ్యాధి వస్తవి.

నియంత్రక కణాలు ప్రేగులో విస్తారంగా ఉంటవి. వాటిని పెంచడంలో ఆహారానికీ, సూక్ష్మజీవులకూ భాగమున్నది. విటమిన్-ఏ నుండి తయారయ్యే ఒక ఆమ్లం ఇక్కడి టీ కణాలను నియంత్రక కణాలుగా మార్చడానికి తోడ్పడుతుంది. మనం జీర్ణించుకోలేని పీచును పెద్దప్రేగులోని బాక్టీరియాలు పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ అనే పదార్థం పుడుతుంది. అది కూడా ఈ పనికి సహాయపడుతుందని 2013లో ఎలుకలలో చూపారు. అనగా కాపలాదారులకు శాంతం నేర్పేవారిలో ఎదుటి నగరవాసులైన సూక్ష్మజీవులు కూడా ఉన్నవన్నమాట.

నియంత్రక కణాలు, మరికొన్ని కణాలు వదలే శాంతి సందేశాలలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-10. 1989లో అమెరికాలో టిమ్ మాస్మన్ బృందం దీనిని కనుగొన్నది. ఇతర సైటోకైన్‌ల ఉత్పత్తిని ఆపడం దీని గుణం. సందేశం వచ్చినంత మాత్రాన చాలదు. దానిని అందుకొనే చెవి వంటి గ్రాహకం ఎదుటి కణం మీద ఉండాలి. ప్రేగులోని స్థూలభక్షక కణాల మీద ఆ గ్రాహకం ఉంటుంది. సందేశం అందినంతకాలం అవి మౌనంగా ఉంటవి.

పోరు ఆగనప్పుడు

ఈ ఏర్పాటులో ఎక్కడ లోపం కలిగినా పోరు మొదలుకావచ్చు. శ్లేష్మపు పూత పలుచబడి బాక్టీరియాలు లోనికి రావచ్చు. లేక వచ్చినవాటిని చంపే శక్తి కణాలకు తక్కువ కావచ్చు. ఉదాహరణకు, న్యూట్రోఫిల్‌లు ఆక్సిజన్‌నుండి విషపదార్థాన్ని తయారుచేయలేని ఒక పుట్టుక వ్యాధిలో చాలామంది పిల్లలకు ప్రేగు శోథ కూడా వస్తుంది. చంపలేనప్పుడు శత్రువు మిగిలిపోతాడు. శత్రువు మిగిలితే పోరు సాగుతూనే ఉంటుంది. అదీ కాక, శాంతి సందేశం పుట్టకపోవడమో, అందకపోవడమో జరుగవచ్చు.

అప్పుడు రక్తంనుండి కొత్తగా వచ్చే మోనోసైట్‌లు మౌనం నేర్చుకొనక, కోపిష్ఠి కణాలుగానే నిలిచిపోతవి. ఇవి టీ.ఎన్.ఎఫ్. అనే సైటోకైన్‌నూ, ఇంటర్‌ల్యూకిన్-1, 6, 23 అనే వాటినీ విడుస్తవి. వీటి వలన రక్తనాళాలు మరింత సడలి, న్యూట్రోఫిల్‌లు గుంపులుగా వస్తవి. పోరాడే టీ కణాలు పెరుగుతవి. గోడ కణాలు చనిపోతవి. గోడ బీటలువారి మరిన్ని బాక్టీరియాలు లోనికి వస్తవి. కారణం ఫలితాన్ని పెంచగా, ఫలితం మరల కారణాన్ని పెంచుతుంది.

ఈ పోరు ప్రేగుతో ఆగదు. టీ.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతవి. ఆకలి చచ్చిపోతుంది. ఎముకల పెరుగుదలకు కావలసిన ఒక హార్మోను కాలేయంలో తగ్గిపోతుంది. ఎముకల కొసలలోని ఎదిగే భాగం కూడా మందగిస్తుంది. ఇనుము వినియోగం చెడి, రక్తం పోవడం వలన పాండురోగం వస్తుంది. పెద్దవారికి, పిల్లలకు ఈ వ్యాధిలో గల గొప్ప భేదం ఇదే. పెద్దవాడు బరువు తగ్గినా చికిత్సతో తిరిగి పుంజుకొంటాడు. పిల్లవాడి ఎదుగుదలకు కాలపరిమితి ఉన్నది. యౌవనం వచ్చి ఎముకల కొసలు కలిసిపోయేలోపున వ్యాధి అణగకపోతే, పోయిన ఎత్తు తిరిగి రాదు.

పసిబిడ్డలు నేర్పిన పాఠం

1993లో జర్మనీలోని కొలోన్ నగరంలో వెర్నర్ మ్యూలర్, క్లాస్ రాజెవ్‌స్కీ మొదలైనవారు ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువు లేని ఎలుకలను తయారుచేశారు. ఆ ఎలుకలకు ప్రేగు శోథ వచ్చింది. కొన్నేండ్లకు మరొక ప్రయోగం జరిగింది. అట్టి ఎలుకలనే ఏ సూక్ష్మజీవీ లేని గదులలో పెంచితే, శోథ రాలేదు. మామూలు బాక్టీరియాలను ఇవ్వగానే వచ్చింది. ఆ బాక్టీరియాలు ఇతర ఎలుకలకు ఏ హానీ చేయనివే. కావున ఈ వ్యాధిలో సూక్ష్మజీవుల ఉనికి అవసరమే గాని, నేరం వాటిది కాదు.

ఇది ఎలుకల కథ. మనుషులకు ఇది వర్తిస్తుందా? 2009లో జర్మనీలోని క్రిస్టోఫ్ క్లైన్, ఇంగ్లండులోని బోడో గ్రింబాకర్ మొదలైన శాస్త్రజ్ఞులు దీనికి జవాబు చెప్పారు. పసితనంలోనే భయంకరమైన ప్రేగు శోథ వచ్చిన తొమ్మిదిమంది రోగులను వారు పరీక్షించారు. నలుగురిలో ఇంటర్‌ల్యూకిన్-10 గ్రాహకపు జన్యువులు చెడి ఉన్నవి. ఆ బిడ్డల శరీరంలో శాంతి సందేశం పుడుతున్నది. దానిని వినే చెవి లేదు. ఈ లోపం గల శిశువులకు పుట్టిన కొద్ది నెలలకే నెత్తురు విరేచనాలు, మలద్వారం చుట్టూ పుండ్లు, రంధ్రాలు ఏర్పడతవి. మామూలు మందులు వారికి సాధారణంగా పనిచేయవు.

వైద్యులు ఆలోచించారు. లోపమున్నది జన్యువులో. ఆ జన్యువు శరీరంలోని ప్రతి కణంలోనూ ఉంటుంది. ప్రేగు గోడ కణాల లోపమే వ్యాధికి మూలమైతే, ప్రేగునంతా మార్చాలి. రక్షక కణాల లోపమే మూలమైతే, అవి పుట్టే చోటును మార్చితే చాలు. రక్షక కణాలన్నీ ఎముకల మూలుగలోని మూలకణాలనుండి పుడతవి. ఒక బిడ్డకు ఆరోగ్యవంతుడైన దాతనుండి తీసిన మూలకణాలను ఎక్కించారు. కొత్త మూలుగనుండి, చెవి గల కొత్త స్థూలభక్షక కణాలు, టీ కణాలు పుట్టినవి. ఆ బిడ్డ ప్రేగు గోడ పాతదే. జన్యులోపం గోడ కణాలలో అట్లే ఉన్నది. అయినా వ్యాధి అణగి, ప్రేగు మానింది.

ఈ ఒక్క చికిత్సతో ఒక బిడ్డ బ్రతుకు బాగుపడడమే గాక, ఒక పెద్ద ప్రశ్న కూడా తేలింది. ఈ శిశువులలో వ్యాధికి మూలం రక్తంనుండి వచ్చే రక్షక కణాలే. ఆ కణాలలో కూడా స్థూలభక్షక కణాలకు ఈ సందేశం అందడం మిక్కిలి ముఖ్యమని 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపినవి.

ఇట్లు ఒకే జన్యువు చెడడం వలన వచ్చే ప్రేగు శోథలు ఇప్పుడు అనేకం తెలిసినవి. బిడ్డ వయస్సు ఎంత తక్కువైతే ఇట్టి కారణానికి అంత ఎక్కువ అవకాశం. పదేండ్లు దాటిన పిల్లలలో సామాన్యంగా ఒక్క జన్యువు కారణం కాదు. ఒక్కొక్కటి కొద్దిపాటి ప్రభావం గల 200కు పైగా జన్యుస్థానాలు ఈ వ్యాధితో సంబంధం గలవని తెలిసింది. వాటిలో మొదటిదైన నాడ్-2 జన్యువును 2001లో రెండు బృందాలు వేరువేరుగా గుర్తించినవి. ఐరోపా సంతతివారిలో క్రోన్ వ్యాధికి తోడ్పడే దాని మార్పులు భారతీయులలో బహు అరుదు. కావున ఒక దేశంలో తేలిన విషయాన్ని మరొక దేశపు పిల్లలకు యథాతథంగా అన్వయించరాదు.

గ్రాహకపు లోపం తల్లి తండ్రి ఇద్దరినుండీ వస్తేనే వ్యాధి కలుగుతుంది. ఇద్దరిలోనూ ఒక్కొక్క చెడిన ప్రతి ఉంటే వారు ఆరోగ్యంగానే ఉంటారు. కాని ప్రతి కానుపులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గర చుట్టాలలో ఒకే చెడిన జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. తెలుగునాట మేనరికాలు వాడుకలో ఉన్నవి గనుక, ఇట్టి వ్యాధి గల బిడ్డ పుట్టిన కుటుంబం మరల కానుపుకు ముందు జన్యువైద్యుని సలహా పొందడం మంచిది.

చికిత్స ఎట్లు?

వ్యాధి ఉన్నదో లేదో తెలుసుకొనడంలోనూ రక్షక కణాలే సాక్ష్యమిస్తవి. న్యూట్రోఫిల్‌లలో కాల్‌ప్రొటెక్టిన్ అనే మాంసకృత్తు సమృద్ధిగా ఉంటుంది. అవి ప్రేగులో గుమిగూడి చనిపోతే ఆ పదార్థం మలంలో కనిపిస్తుంది. దానిని కొలిచి, ప్రేగులో శోథ ఉన్నదా అని పిల్లవాడికి నొప్పి కలిగించకుండానే అంచనా కట్టవచ్చు. పిమ్మట గొట్టపు దుర్బినితో ప్రేగును చూచి, చిన్న ముక్క తీసి పరీక్షించి నిర్ధారణ చేస్తారు.

పిల్లల క్రోన్ వ్యాధిలో మొదటి చికిత్సలలో ఒకటి ఆహారమే. ఆరునుండి ఎనిమిది వారాలపాటు అన్ని పోషకాలు గల ఒక ద్రవాహారం తప్ప మరేదీ ఇవ్వరు. నూటికి 70, 80 మంది పిల్లలలో దీనితో శోథ అణగుతుంది. స్టెరాయిడ్ మందులంత బాగా ఇది పనిచేస్తుంది. వాటివలె ఎదుగుదలను కుంటుపరచదు. పెద్దప్రేగు వ్రణాల వ్యాధిలో మాత్రం ఈ పద్ధతి అంతగా ఉపకరించదు. ఆ పిమ్మట రక్షక కణాల విజృంభణను తగ్గించే మందులు వాడుతారు.

టీ.ఎన్.ఎఫ్.ను నేరుగా పట్టి అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ప్రతిరక్షకాన్ని అమెరికాలో 1998లో పెద్దవారి క్రోన్ వ్యాధికి, 2006లో పిల్లలకు అనుమతించారు. ఆజ్ఞాపత్రాన్ని త్రోవలోనే పట్టుకొనడం వంటిదీ చికిత్స. కాని అదే ఆజ్ఞ క్షయ సూక్ష్మజీవిని కట్టడి చేయడానికి కూడా అవసరం. అందువలన ఈ మందు వాడిన కొందరిలో అణగి ఉన్న క్షయ తిరిగి విజృంభించినట్లు 2001లో వెల్లడైంది. నేడు మందు మొదలుపెట్టే ముందు క్షయ ఉన్నదేమో తప్పక పరీక్షిస్తారు.

భారతదేశంలో మరొక చిక్కు ఉన్నది. ప్రేగుకు వచ్చే క్షయ, క్రోన్ వ్యాధి చూడడానికి ఒకేరీతిగా ఉంటవి. రెండింటిలోనూ కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం, చిన్నప్రేగు చివర పుండ్లు కనిపిస్తవి. సూక్ష్మదర్శినిలో కనబడే కణాల ముద్దలు కూడా రెండింటిలోనూ ఉండవచ్చు. క్రోన్ వ్యాధికి ఇచ్చే మందులు రక్షక కణాలను అణచివేస్తవి. క్షయ రోగికి అవి ఇస్తే ప్రమాదం. క్షయ మందులను క్రోన్ రోగికి నెలల తరబడి ఇస్తే, పిల్లవాడి ఎదుగుదలకు గల విలువైన కాలం గడిచిపోతుంది. అందుచేత ఈ రెండింటినీ వేరుచేయడంలో వైద్యుడు ఎంతో జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

పాఠశాలలో గమనింపదగినవి

పిల్లలకు అప్పుడప్పుడు విరేచనాలు కావడం సామాన్యం. అవి కొద్దిరోజులలో తగ్గిపోతవి. నెల దాటినా తగ్గని విరేచనాలు, మలంలో నెత్తురు, రాత్రి నిద్రలేపే కడుపునొప్పి, తరచు వచ్చే జ్వరం, నోటిపూత, కీళ్లనొప్పులు, మలద్వారం దగ్గర మానని పుండు, తోటివారితో ఎదగకపోవడం — వీటిలో కొన్ని కలిసి కనిపిస్తే పిల్లవాడిని వైద్యునికి చూపించాలి. కొందరు పిల్లలలో విరేచనాలే ఉండవు. ఎత్తు పెరగకపోవడమొక్కటే మొదటి గుర్తు కావచ్చు. ఏటేటా ఎత్తు, బరువు కొలిచి పుస్తకంలో వ్రాసే పాఠశాలలో ఈ గుర్తు తొందరగా బయటపడుతుంది. గత ఏడు ఎక్కడ ఉన్నాడో ఈ ఏడూ అక్కడే ఉన్న పిల్లవాడిని ఆ పుస్తకం పట్టిస్తుంది.

ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. ఒకే బల్లమీద కూర్చున్నా, కలిసి భోజనం చేసినా ఇతరులకు రాదు. పిల్లవాడు పెంకితనంతో తినకపోవడం వలన వచ్చేది కాదు. తల్లి పెంపకంలో లోటు వలన వచ్చేదీ కాదు. వ్యాధి గల విద్యార్థి తరగతి మధ్యలో పదేపదే బయటికి వెళ్లవలసి వస్తుంది. ఆ అవసరాన్ని పదిమందిలో ప్రశ్నించకుండా అనుమతించడం, అతనికి శుభ్రమైన మరుగుదొడ్డి అందుబాటులో ఉంచడం, ఆసుపత్రి రోజులలో పోయిన పాఠాలను తిరిగి చెప్పడం ఉపాధ్యాయుని చేతిలో ఉన్న పనులు. సిగ్గుతో తన బాధను దాచుకొనే పిల్లవాడు మందు కూడా మానివేస్తాడు. మందు మానితే శోథ తిరిగి రాజుకుంటుంది.

శరీరాన్ని కాపాడే కణాలకు చంపే శక్తితోపాటు ఆగే శక్తి కూడా కావాలి. చెవి లేని కణాలతో పుట్టిన కొద్దిమంది శిశువుల వలన ఈ సంగతి మనుషులలో రుజువైంది. ఆ ఆగే శక్తిని మందుతోగాని, ఆహారంతోగాని, సూక్ష్మజీవులతోగాని తిరిగి కల్పించడం ఎట్లా అన్నదే ఇప్పటి పరిశోధకుల ప్రయత్నం. ఆ జవాబు దొరికేలోపున, ఎదిగే వయస్సు దాటిపోకముందే వ్యాధిని గుర్తించడమే ప్రతి పిల్లవాడికీ చేయగల పెద్ద సహాయం.